రెండు జీసీసీలు, ఒక రెండు వేల రూపాయలు



పోయిన వారం మన గ్రూపులో ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, కోడింగ్‌కి ఏఐ సబ్‌స్క్రిప్షన్ తీసుకోమని క్లాసులో అందరూ అంటున్నారు. నెలకి రెండు వేలంట. మనలాంటోళ్ళకి అది అవసరమా, దండగా?" కింద కొందరు తీసుకో అన్నారు, కొందరు నవ్వు బొమ్మలు పెట్టారు. నేనప్పుడు ఏమీ రాయలేదు. ఒక్క ముక్కలో తేలే సంగతి కాదది. పైగా ఆ రెండు వేలు నేనూ నా రూమ్మేట్లూ ఒకసారి పెట్టి చూసినోళ్ళమే. అందుకే ఇంత పెద్ద పోస్టు. ఓపికున్నోళ్ళు చదవండి.

మొదటి సంవత్సరం సంగతితో మొదలెడతాను. సి ల్యాబులో సార్ బోర్డు మీద జీసీసీ అని రాసి, దీంతో మీ ప్రోగ్రాం కంపైల్ చెయ్యండి అన్నారు. నాకు ఫక్కున నవ్వొచ్చింది. పక్కన కూర్చున్న సిటీ అబ్బాయికి ఎందుకో అర్థం కాలేదు. మనకి జీసీసీ అంటే గిరిజన సహకార సంస్థ. చింతపండు మూట దించి తూకం వేయించుకునే చోటు, బియ్యం, పంచదార తెచ్చుకునే డిపో. ఇప్పుడు సింహాచలం కొండ కింద హాస్టల్లో ఉంటున్నా, బస్సులో సిటీలోకి వెళ్ళేటప్పుడు దాని తేనె, కాఫీ అమ్మే కొట్టు బోర్డు కనబడితే ఇంటి మనిషి కనబడినట్టే ఉంటుంది.

సార్ రాసిన జీసీసీ వేరే. మనం రాసిన ప్రోగ్రాంని కంప్యూటర్‌కి అర్థమయ్యే భాషలోకి మార్చే కంపైలర్. ఆ రోజు నవ్వుకుని వదిలేశాను గానీ, తర్వాత రెండింటి చరిత్రా వెతికి చదివాను. చదివాక నవ్వు రాలేదు. రెండూ దాదాపు ఒకే రకమైన బాధలోంచి పుట్టాయి.

ముందు మనది. జీసీసీ 1956లో విశాఖపట్నంలో పుట్టింది. ఎందుకు పుట్టిందో తెలియాలంటే అంతకుముందు సంతలు ఎలా నడిచేవో తెలియాలి. మైదానం నుంచి షావుకార్లు ఉప్పు, బట్ట, ఎండుచేపలు తెచ్చేవారు. కొండ మీద అన్నీ పండుతాయి, ఉప్పు పండదు. వానాకాలంలో ఇంట్లో గింజలు అయిపోయే రోజుల్లో షావుకారు డబ్బు అడగడు. "ఇప్పుడు పట్టుకెళ్ళు, పంటకి చూసుకుందాం" అంటాడు. మా నాన్నమ్మ చెప్పేది, ఆ మాట అన్నప్పుడు షావుకారంత మంచోడు లోకంలో ఉండడని. పంట వచ్చాక ధర ఆయనదే, లెక్కపుస్తకం ఆయనదే, కొలిచే కుంచం కూడా ఆయనదే. ఇచ్చేటప్పుడు ఒక కుంచం, తీసుకునేటప్పుడు ఇంకో కుంచం.

ఇది నాన్నమ్మ కథ మాత్రమే కాదు. మద్రాసు ప్రభుత్వమే 1917లో ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూబదలాయింపు చట్టం చెయ్యాల్సి వచ్చింది. కొండ తెగల మనిషి మీద ఏడాదికి నూటికి 24 మించి వడ్డీ చెల్లదు, చక్రవడ్డీ అసలే చెల్లదు అని అందులో రాశారు. అంత రాయాల్సి వచ్చిందంటే అప్పటికి ఎంత గుంజుతున్నారో ఊహించుకోండి. అప్పు తీరకపోతే మనిషే షావుకారు ఇంట్లో చాకిరీకి వెళ్ళే గోతి పద్ధతి మన వైపు ఉండేది. అప్పు కింద చాకిరీని రద్దు చేస్తూ ఏజెన్సీకి 1940లో రెగ్యులేషన్ తెచ్చారు. అయినా చట్టం కాగితం మీద ఉంటుంది, అప్పు షావుకారు పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం చదవగలిగినోడు ఊళ్ళో లేడు. అందుకే చట్టం చాలక ఒక సంస్థ కావాల్సి వచ్చింది. అడవి సరుకు కొనేదీ అదే, ఉప్పూ పప్పూ అమ్మేదీ అదే, కొలత అందరికీ ఒకటే. 1979లో అయితే షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల వ్యాపారం మీద ప్రత్యేక రెగ్యులేషన్ చేసి, కొనే హక్కు జీసీసీకే ఇచ్చారు. ఒక్కరే కొనాలనడం మంచికా చెడ్డకా అన్నది వేరే పోస్టు, అది రాస్తే మనలో మనకే తగువొస్తుంది.

ఇక ఆ రెండో జీసీసీ.

కంప్యూటర్లు ఇళ్ళల్లోకి వస్తున్న కొత్తలో, 1976 ఫిబ్రవరి 3న, బిల్ గేట్స్ ఒక బహిరంగ లేఖ రాశాడు. ఆల్టెయిర్ అనే చిన్న కంప్యూటర్‌కి వాళ్ళు రాసిన బేసిక్‌ని జనం డబ్బులివ్వకుండా కాపీలు తీసుకుంటున్నారని ఆయన బాధ. ఇలాగైతే కష్టపడి మంచి సాఫ్ట్‌వేర్ ఎవరు రాస్తారని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. (అదే నెల 9న మన దేశంలో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. రెండింటికీ ఏ సంబంధమూ లేదు. తేదీలు పక్కపక్కన కనబడేసరికి నేను కాసేపు ఆగిపోయానంతే.)

అప్పట్లో కంపైలర్ అంటే వందల డాలర్ల సరుకు. 1983లో బోర్లాండ్ కంపెనీ టర్బో పాస్కల్‌ని 49.95 డాలర్లకే అమ్మింది. అంత చవకగా ఇవ్వడం అప్పట్లో పెద్ద సంచలనం. అదే కంపెనీ 1987లో టర్బో సి తెచ్చింది. ఆ నీలం తెర మన సీనియర్లందరికీ తెలుసు. లోకమంతా దాన్ని వదిలేసిన చాలా ఏళ్ళ తర్వాత కూడా మన డిగ్రీ కాలేజీల్లో, డిప్లొమా ల్యాబుల్లో, అమీర్‌పేట కోచింగుల్లో ఆ నీలం తెరే. దానికి డబ్బు కట్టింది ఎవరు? నాకు తెలిసిన ఏ సీనియరూ కట్టలేదు. సీడీ మీద సీడీ కాపీ. "ఖర్చుకి తగ్గ విలువ ఉందా" అన్న ప్రశ్న మన దగ్గర చాలాకాలం పుట్టకపోవడానికి కారణం అదే, ధర చెల్లించినోడు లేడు. దాని ఫలితం ఇంకోలా కట్టాం. పాత సరుకు మీద నేర్చుకుని, కంపెనీలో కొత్తది చూసి బిక్కమొహం వేశాం.

అదే 1983 సెప్టెంబరులో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన గ్నూ ప్రకటన చేశాడు. కొనక్కర్లేని, దొంగిలించనూ అక్కర్లేని సాఫ్ట్‌వేర్ మనమే రాసుకుందాం అని. 1987లో, టర్బో సి వచ్చిన ఏడాదే, ఆయన కంపైలర్ మొదటిసారి బయటికొచ్చింది. అదే జీసీసీ. దానికి పెట్టిన షరతు చూడండి: ఎవరైనా వాడొచ్చు, లోపల ఏముందో చూడొచ్చు, మార్చొచ్చు, ఇంకొకరికి ఇవ్వొచ్చు. కానీ మార్చి ఇచ్చేటప్పుడు అవే హక్కులు అవతలివాళ్ళకీ ఇవ్వాలి. స్టీవ్ జాబ్స్ పెట్టిన నెక్స్ట్ కంపెనీ దాని మీద ఆబ్జెక్టివ్-సి భాగం రాసి దాచుకోవాలని చూస్తే, ఆ షరతు వల్లే బయటపెట్టాల్సి వచ్చింది. పెద్దోళ్ళకీ అదే కుంచం. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ వాళ్ళు ఇదే దారిలో తెలుగులో వాడుకునే ఆపరేటింగ్ సిస్టమ్ కూడా తయారు చేశారు.

నా సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌లో ఇవాళ ఉన్న జీసీసీ, అమెరికాలో పెద్ద కంపెనీ ఇంజినీరు దగ్గరున్న జీసీసీ ఒకటే. నాకు సగం, వాళ్ళకి పూర్తిగా అని లేదు. స్టూడెంట్ వెర్షన్ కాదు, పదిహేను రోజుల ట్రయల్ కాదు. దీన్ని మనం గాలిలాగ, నీళ్ళలాగ వాడేసుకుంటున్నాం గానీ, సుమారు నలభై ఏళ్ళుగా పేదింటి పిల్లలు ప్రోగ్రామింగ్‌లోకి రాగలిగారంటే ఇలాంటి పనిముట్లే కారణం. పనిముట్టు ధర దగ్గర మనల్ని ఎవరూ ఆపలేకపోయారు.

ఏఐ వచ్చాక మారింది ఇదే.

2021 జూన్‌లో గిట్‌హబ్ కోపైలట్ ప్రయోగానికి వచ్చింది, 2022 జూన్‌లో నెలకి 10 డాలర్లతో అందరికీ అమ్మకానికి పెట్టారు. విద్యార్థులకి ఉచితం అన్నారు, అది నిజమే. అది నేర్చుకున్నది దేని మీద? లక్షలాది మంది గిట్‌హబ్‌లో అందరికీ కనబడేలా పెట్టిన కోడ్ మీద. మా కోడ్‌ని మా షరతులు పట్టించుకోకుండా వాడారని కొందరు ప్రోగ్రామర్లు 2022 నవంబరులో అమెరికాలో కోర్టుకెళ్ళారు. నాకైతే అడవి గుర్తొచ్చింది. ఊరంతా ఏరిన సరుకు మూటగట్టి కిందికి తీసుకెళ్ళి, సీసాలో పోసి, లేబుల్ అంటించి మళ్ళీ మనకే అమ్మడం.

కానీ ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. కంపైలర్‌ని ఒకసారి కాపీ చేస్తే మళ్ళీ ఖర్చు లేదు. ఏఐకి మనం అడిగే ప్రతి ప్రశ్నకీ ఎక్కడో ఖరీదైన చిప్పులు తిరగాలి, కరెంటు కాలాలి. కాబట్టి జీసీసీ ఉచితం కదా, ఇదెందుకు కాదు అని కొట్లాడితే కుదరదు. డబ్బు అడగడం తప్పు కాదు. నేను చూసేది కొలత.

2025 చూడండి. జూన్‌లో కోపైలట్ 10 డాలర్ల ప్లానులో పెద్ద మోడళ్ళకి నెలకి 300 ప్రీమియం రిక్వెస్టులు అని లెక్క అమల్లోకి తెచ్చింది. అదే నెలలో కర్సర్ కంపెనీ 20 డాలర్ల ప్లానులో 500 రిక్వెస్టుల పద్ధతి తీసేసి, వాడకం ఖరీదుని బట్టి లెక్క పెట్టింది. జనానికి అనుకోని బిల్లులొచ్చి గొడవైతే, జూలై 4న క్షమాపణ చెప్పి డబ్బులు వెనక్కిస్తామంది. ఆగస్టు చివర్లో ఆంత్రోపిక్ తన క్లాడ్‌కి వారానికి ఇంత అని కొత్త పరిమితి పెట్టింది. ఈ మూడింటిలోనూ నెల ధర అదే ఉంది. మారింది కుంచం. ఒక రిక్వెస్టు అంటే ఎంత, ఒక టోకెన్ అంటే ఎంత అన్నది వాళ్ళ పుస్తకంలో ఉంటుంది.

ఇంకోపక్క మన దేశంలో ఉప్పు పంచారు. 2025 జూలైలో ఎయిర్‌టెల్ వాళ్ళు పర్‌ప్లెక్సిటీ ప్రో ఏడాది ఉచితం అన్నారు. గూగుల్ విద్యార్థులకి ఏడాది ఉచితం అంది, తర్వాత జియోతో కలిసి 18 నెలలంది. ఓపెన్‌ఏఐ ఆగస్టులో 399 రూపాయల చాట్‌జీపీటీ గో తెచ్చి, నవంబరు 4 నుంచి దాన్నే ఏడాది ఉచితం చేసింది. ఇప్పుడు పట్టుకెళ్ళు, పంటకి చూసుకుందాం! వద్దనడం లేదు, నేనూ తీసుకున్నాను. వీళ్ళెవరూ మనల్ని గోతికి పెట్టుకోరు, ఆ బాధతో దీన్ని పోల్చడం మన పెద్దల్ని అవమానించడమే. కానీ ఏడాది తర్వాత నా చేతికి ఆ పనిముట్టు లేకుండా పని చేతకాకపోతే ఏమిటన్నది మాత్రం ఆలోచించాను. కొన్నింటికి మొదట్లోనే యూపీఐ ఆటోపే అడుగుతారు, అది చూసుకోండి.

ఇంతకీ పని వేగంగా అవుతుందా? దీని మీద రెండు పరిశోధనలు చదివాను. 2023లో వచ్చిన కోపైలట్ ప్రయోగంలో 95 మంది ప్రోగ్రామర్లకి జావాస్క్రిప్టులో ఒక చిన్న సర్వర్ రాయమంటే, కోపైలట్ ఉన్నవాళ్ళు 55.8 శాతం తక్కువ టైములో ముగించారు. 2025 జూలైలో మెటర్ అనే సంస్థ వేరేలా చూసింది. ఏళ్ళ తరబడి తమకి అలవాటైన ప్రాజెక్టుల్లో పనిచేసే 16 మంది అనుభవజ్ఞులకి 246 పనులిచ్చింది. ఏఐ వాడినప్పుడు 19 శాతం ఎక్కువ టైము పట్టింది. విచిత్రమేమిటంటే అయిపోయాక వాళ్ళని అడిగితే 20 శాతం వేగంగా చేశామన్నారు. కొత్త చిన్న పనికి లాభం, లోతు తెలియాల్సిన పనికి అంత నమ్మకం లేదు అని నేను అర్థం చేసుకున్నాను. మా అనుభవం కూడా అచ్చం అలాగే అయ్యింది.

మేం ముగ్గురం రూములో తలా 700 వేసి ఒక నెలకి కొన్నాం. పన్నుతో కలిపి రెండు వేలు దాటింది. (ఒకే లాగిన్ ముగ్గురు వాడటం వాళ్ళ నియమాల ప్రకారం తప్పని తర్వాత తెలిసింది. అది మా తప్పే, మీరు చెయ్యకండి.) నా 700 అమ్మ కొండచీపుళ్ళు అమ్మి పంపిన డబ్బులోది. పరీక్ష ఫీజుకని పంపింది, ఫీజుకి ఇంకా టైముంది కదా అని తీశాను. దేనికని అమ్మకి చెప్పలేదు. ఇక్కడే మొదటిసారి చెబుతున్నాను.

ప్రాజెక్టు నేనే ఎంచుకున్నాను. సంతకి తీసుకెళ్ళే ముందు ఇంట్లో సరుకు ఎంతుందో రాసుకుంటే, ఇవాళ్టి రేటుకి ఎంత రావాలో చెప్పే చిన్న యాప్. నాన్న ఫోనులో పనిచెయ్యాలి, తెలుగులో ఉండాలి. సాయంత్రం ఆరింటికి మొదలెట్టాం. రాత్రి భోజనం గంట కొట్టేసరికి యాప్ తిరుగుతోంది. నేను మెస్సుకి పరిగెత్తుతూ వెళ్ళాను, ఆకలికి కాదు, సంతోషానికి. మొదటి సంవత్సరంలో ఇలాంటిది చెయ్యడానికి నాకు సెమిస్టరంతా పట్టేది.

సెలవులకి ఇంటికెళ్ళి నాన్నకి చూపించాను. ఆయన రాగులు మూడు కుంచాలు అని కొట్టాడు, బరువు వచ్చింది. వడ్లు మూడు కుంచాలు అని కొట్టాడు, అదే బరువు వచ్చింది. నాన్న నా మొహం చూసి, "ఒరే, రాగుల కుంచం, వడ్ల కుంచం ఒకటే బరువా? వలిసెల కుంచమో మరి?" అన్నాడు. కుంచం అంటే నిండే కొలత, తూకం కాదు. ఏ గింజకి ఆ బరువు. ఏఐ ఎక్కడో ఒక అంకె వేసుకుని అన్నింటికీ అదే వాడేసింది. దాని తప్పు ఎంతుందో నాది అంతకంటే ఎక్కువ. కుంచంతో గింజలు కొలిచే ఇంట్లో పుట్టి, వచ్చిన లెక్కని ఒక్కసారి కూడా సరిచూడలేదు.

హాస్టల్‌కి తిరిగొచ్చి బాగుచేద్దామంటే ఆ అంకె కోడ్‌లో ఎన్ని చోట్ల ఉందో నాకు తెలియదు. అప్పటికి మా నెల కోటా అయిపోయింది, ఒక రూమ్మేట్ తన అసైన్‌మెంట్లకి వాడేశాడు. దాంతో మూడు రోజులు కూర్చుని, నా పేరు మీదున్న కోడ్‌ని నేనే మొదటిసారి వరసగా చదివాను. అర్థం కానిచోట ఉచితంగా దొరికే ఏఐనే అడిగాను, కానీ రాసిపెట్టమని కాదు, ఈ లైను ఏం చేస్తోంది అని. ఆ మూడు రోజుల్లో నేర్చుకున్నంత ఆ నెలంతా నేర్చుకోలేదు.

అలాగని ఏఐ వద్దనే బ్యాచ్ కాదు నేను. మన ఇళ్ళల్లో ఇంజినీరు అన్నయ్య లేడు, ఫోను చేస్తే చెప్పే మావయ్య లేడు. క్లాసులో డౌటు అడిగితే ఇంగ్లీషు తడబడి పక్కోళ్ళు నవ్వుతారని నేను మొదటి సంవత్సరం మొత్తం నోరెత్తలేదు. రాత్రి పన్నెండింటికి పాయింటర్ అంటే ఏమిటని తెలుగులో అడిగితే, పదిసార్లు అడిగినా విసుక్కోకుండా చెప్పే మనిషి మనకి ఎప్పుడు దొరికాడు? సిటీ పిల్లలకి ట్యూషన్ రూపంలో ఎప్పటినుంచో ఉన్నది, మనకి ఇప్పుడొచ్చింది. కానీ ఆ పనికి ఉచితంగా దొరికేది సరిపోతోంది. రెండు వేలు అడిగేది, మన బదులు రాసిపెట్టడానికి. చదువుకునే రోజుల్లో మనం ఎవరికీ అప్పజెప్పకూడనిది సరిగ్గా ఆ పనే.

పని చేసి సంపాదిస్తున్నోళ్ళ లెక్క వేరు. మా వైపు అన్న ఒకాయన ఇంటి దగ్గర్నుంచే వెబ్‌సైట్లు చేసిస్తాడు. నెల నెలా కడతాడు, ఒక్క పని త్వరగా అయితే ఆ డబ్బు వచ్చేస్తుందంటాడు. ఆయనకి లోపలేముందో తెలుసు, తప్పు వస్తే పట్టుకోగలడు. ఆయన కొనడం నాగలి కొనడంలాంటిది. మేం కొన్నది పంటకి ముందు ఉప్పు.

కాబట్టి తమ్ముడూ, నా మాటైతే ఇప్పుడు కట్టొద్దు. ఉచితంగా దొరికేవి ఉంటే తీసుకో, ఆటోపే తీసేసి పెట్టుకో, ఎప్పుడు ముగుస్తుందో క్యాలెండర్‌లో రాసుకో. వారంలో ఒక రోజు అవేవీ లేకుండా ఉత్త జీసీసీతో, ఎడిటర్‌తో కూర్చో. ఓపికుంటే సొంత ల్యాప్‌టాప్‌లోనే నడిచే మోడళ్ళు కూడా ఉన్నాయి. 2024లో అలీబాబా వదిలిన క్వెన్ కోడర్‌లో చిన్న సైజుది నా 8 జీబీ మెషీన్‌లో ఎడ్లబండిలా నడుస్తోంది, కానీ నడుస్తోంది. నెట్ లేకపోయినా జవాబిస్తుంది, దాని కుంచాన్ని ఎవరూ తగ్గించలేరు. పెద్ద ప్రాజెక్టుకి చాలదు, అబద్ధం చెప్పను. నువ్వు సంపాదన మొదలెట్టాక మొదటి జీతంలోంచి కట్టుకో, అప్పుడు నన్ను అడగక్కర్లేదు కూడా. మీలో ఎవరైనా డబ్బు కట్టి వాడుతున్నవాళ్ళుంటే, ఎంత కడుతున్నారు, దాంతో ఎంత వచ్చింది అని అంకెలతో కామెంట్‌లో రాయండి. ఉట్టి "సూపర్ బ్రో" వద్దు.

యాప్ సంగతి. ఇప్పుడు ప్రతి గింజకీ దాని బరువు విడిగా పెట్టాను. ఆ బరువులు ఏ వెబ్‌సైటులోనూ వెతకలేదు. నాన్నే ఇంట్లో కుంచంతో కొలిచి, సంతలో కాటా మీద పెట్టి, సిగ్నల్ దొరికే గట్టు మీదికెక్కి ఫోనులో చెబుతున్నాడు. రాగులవి, వడ్లవి, సామలవి వచ్చాయి. వలిసెలవి ఇంకా రాలేదు, ఈ సంతకి తూచి చెబుతానన్నాడు.